అక్క పంపిందని చెప్పండి

2023 కార్తీక మాసం. మన్యంలోని హుకుంపేటలో మా స్టీలు సామాన్ల కొట్టు. మైదానం నుంచి కోడలిగా వచ్చి ఈ కొట్టులో కూర్చోవడం మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. సంత రోజు తప్ప మిగతా వారమంతా బేరాలు అంతంతమాత్రం. ఆ ఖాళీలోనే ఒక బ్లాగు మొదలుపెట్టాను. బ్లాగంటే ఇంటర్నెట్‌లో మన పేరు మీద మనం తెరుచుకునే సొంత పేజీ. మనకు తోచింది రాస్తాం, చదివినవాళ్లు కింద తమ మాట రాస్తారు. ఆ కింది మాటనే కామెంట్ అంటారు.

రాసేవాళ్లెవరూ ఒప్పుకోరు గానీ, పైన రాసేదంతా కింద ఆ నాలుగు మాటల కోసమే. నా సంగతి మరీ అన్యాయం. పొయ్యి మీద పప్పు మాడుతున్నా ముందు ఫోన్ చూసేదాన్ని. కామెంట్లకు మోడరేషన్ అని ఒకటుంటుంది. వచ్చిన మాటను మనం చదివి సరే అన్నాకే అది అందరికీ కనిపిస్తుంది. నేను దాన్ని తీసేశాను. ఇంటికొచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టి ఊరూ పేరూ అడుగుతామా అని నా వాదన. ప్రతి ఒక్కరికీ జవాబిచ్చేదాన్ని. తిట్టినవాళ్లకు కూడా "మీ అభిమానానికి ధన్యవాదాలు" అని రాసిన ఘనత నాది.

ఆ నెలలో కాసులమ్మ వాళ్ల ఊరి గురించి రాశాను. కాసులమ్మ మా కొట్టుకు ఎప్పటినుంచో వచ్చే మనిషి. సంతకు పసుపు, చిక్కుడు గింజలు తెచ్చి అమ్ముకుని, వెళ్లేముందు మా అరుగు మీద కాసేపు కూర్చుని పోతుంది. ఒకసారి నన్ను వాళ్ల ఊరు తీసుకెళ్లింది. ఊరికి పైన రాతి సందులోంచి ఊట నీరు పడుతుంది. ఊరంతా తాగేది ఆ నీళ్లే. అక్కడికి చెప్పులు విప్పి వెళ్తారు. చేతులు కడుక్కోవాలన్నా చెంబుతో పట్టుకుని పక్కకొస్తారు. ఇదేదీ నేను రాయలేదు. పొగమంచు, రాయి, నీటి చప్పుడు రాశాను. ఫోటోకి అడ్డమని వరసగా పెట్టిన బిందెల్ని కూడా పక్కకు జరిపించాను.

కామెంట్లు పోటెత్తాయి. "మేడమ్, దారి చెప్పండి ప్లీజ్. ఫ్యామిలీతో వనభోజనాలకు వెళ్తాం" అని ఒకాయన అడిగాడు. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయి ఎక్కడ తారు రోడ్డు దిగాలో, ఏ కల్వర్టు దగ్గర తిరగాలో, కారు ఎక్కడ ఆపాలో రాశాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "ఊళ్లో ఎవరైనా అడిగితే హుకుంపేట సామాన్ల కొట్టు అక్క పంపిందని చెప్పండి, బాగా చూస్తారు" అని చివర ఒక ముక్క తగిలించాను.

కొండ ఊళ్లలో కొత్త మనిషి కనిపిస్తే ముందు అడిగేది ఎవరి తాలూకా అని. తెలిసినవాళ్ల పేరు చెబితే ఇక వాళ్ల మనిషే, ఆ తరవాత ఆరాలేమీ ఉండవు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను. నా పేరుకు అక్కడ అంత విలువుందని నలుగురూ చూడాలని రాశాను.

కొన్ని వారాల తరవాత సంత రోజున కాసులమ్మ బిందె కొనడానికి వచ్చింది.

"మొన్ననే కదా తీసుకెళ్లావు, సొట్ట పడిందా ఏటి?" అన్నాను.

"అది బాగానే ఉందక్కా. కోడలికి కూడా ఒకటి కావాల. కింద గెడ్డ కాడ్నించి మొయ్యాల కదా, నేనొక్కదాన్నే ఎక్కలేకపోతన్నాను."

"వాగు నుంచి మొయ్యడమేటి, ఊట ఎండిపోయిందా?"

"ఎండనేదు. నూనె తేలతంది, సబ్బు వోసనొత్తంది. నీ సుట్టాలొచ్చి వొండుకుంతన్నారు కదేటి."

"నా చుట్టాలేటి?"

"నీ పేరే సెప్పేరక్కా. ఆదోరం ఆదోరం వొత్తన్నారు. బిరియానీ డేగిసాలు ఊటలోనే తోముతన్నారు. సీసాలు పగలగొడతన్నారు. మా కుర్రోళ్లు తగువుకి లేసేరు. అక్క మనుసులురా, ఏటీ అనకండని నేనే ఆపేను."

"నాకొక్క మాట చెప్పాలి కదా కాసులమ్మా" అన్నాను.

"సెప్తే సిగ్గుపడతావని సెప్పనేదు" అంది.

బిందె ఊరికే తీసుకెళ్లమన్నాను. తీసుకోలేదు. ఎందుకిస్తున్నానో చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది. ఆమె అటు వెళ్లగానే ఆ పోస్టు తీసేశాను. అయినా లాభం లేకపోయింది. ఎవరో అప్పటికే ఆ చోటుకి మ్యాప్‌లో పిన్ పెట్టేశారు. పిన్ అంటే దారి చూపించే గుర్తు. నా పేజీలోది నేను చెరుపుకోగలను, జనం ఎత్తుకుపోయింది చెరపలేను.

ఆ తరవాతి ఆదివారం కాసులమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. ఊట దగ్గర ఒక కుటుంబం పొయ్యి పెట్టి వండుతోంది. ఒకావిడ చెప్పుల కాళ్లతో నీళ్లలో నిలబడి డేగిసా తోముతోంది. కాసులమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కాస్త దూరంలో బిందెలతో నిలబడి చూస్తున్నారు. నన్ను చూడగానే ఆ కుటుంబంలో పెద్దాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"మీరు బ్లాగు మేడమ్ కదూ! దారి భలే చెప్పారండీ. నా కామెంట్‌కి జవాబు కూడా ఇచ్చారు. ఒక సెల్ఫీ మేడమ్!"

"ఇవి తాగే నీళ్లండీ, ముందు బయటికి రండి" అని అరిచాను. ఆయన మొహం చిన్నబోయింది. "ఆ సంగతి మీరు రాయలేదు కదండీ" అన్నాడు. అది నిజమే.

కాసులమ్మ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఏటక్కా, ఇంటికొచ్చినోళ్ల మీద అరుత్తావేటి? ఎండనపడొచ్చేరు" అని, ఇంట్లోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆయనకిచ్చింది. కింద గెడ్డ నుంచి మోసుకొచ్చిన నీళ్లవి. ఆయన గ్లాసు వైపు చూసి, "వద్దమ్మా, ఈ నీళ్లు మాకు పడవు" అని కార్లోంచి సీసా తెచ్చుకున్నాడు.

ఇక ఉండబట్టలేకపోయాను. "కాసులమ్మా, వీళ్లు నా చుట్టాలు కారు. వీళ్ల పేర్లయినా నాకు తెలీవు" అన్నాను.

ఆమెకు ముందు అర్థం కాలేదు. నా మొహంలోకి, వాళ్ల వైపు, మళ్లీ నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మరి నీ పేరు ఆళ్లకెందుకిచ్చేవక్కా?"

ఆ తరవాత ఊరి కుర్రాళ్లు ఊట చుట్టూ వెదురు దడి కట్టారు. వచ్చేవాళ్లు అక్క మనుషులు కారని తెలిశాక కుర్రాళ్లకు అడ్డు చెప్పేవాళ్లు లేకపోయారు. నీళ్లు తేటపడ్డాయి. నా బ్లాగు ఇంకా నడుస్తోంది. కామెంట్లు కూడా వస్తూనే ఉన్నాయి, కాకపోతే ఇప్పుడు ఒక్కొక్కటీ చదివాకే వదులుతున్నాను. దారి అడిగినవాళ్లకు, "అది ఆ ఊరివాళ్లు చెప్పాల్సింది" అని రాస్తాను. పొగరని కొందరు నా బ్లాగు చదవడం మానేశారు. బ్లాగు రాసే కొత్తవాళ్లు సలహా అడిగితే ఒకటే చెబుతాను, మన పేజీలోకి ఎంతమందినైనా పిలుచుకోవచ్చు గానీ ఇంకొకరి గుమ్మంలోకి పిలిచే హక్కు మనకు లేదని. కాసులమ్మ అడిగినదానికి మాత్రం ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. జవాబు నాకు తెలియక కాదు. పదిమంది పొగుడుతారని ఇచ్చానని ఆ బిందెల ముందు నిలబడి చెప్పడానికి నోరు రాలేదు.