ఒక్క ‘ఇక్కడ’ కోసం ఎదురుమొండి దాకా

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ననకండి: నేను పెంచుతాను. గోరంతను కొండంత చెయ్యడం అందరూ చేసేదే. నేను ఆ కొండ మీద ఒక టీకొట్టు, టీకొట్టు ముందు ఒక బెంచీ, బెంచీ మీద కూర్చుని నన్ను తిట్టే మనిషిని కూడా పెడతాను. బందరులో నా మాట విన్నవాళ్లు దాన్ని నాలుగుతో భాగించి ఇంటికి తీసుకెళ్తారు. మీరూ భాగించుకోండి. భాగించకూడని చోటు ఒకటుంది, వచ్చినప్పుడు చెప్తాను.

ఈ ప్రయాణం మా అక్క కూతురు మెర్సీ పుణ్యం. ఆరేళ్లలోపు పిల్లల మనసుకి ఏదైనా ఇబ్బంది వస్తే చూడాల్సినవాళ్లు బందరులో నలుగురు నాలుగు దిక్కుల ఉన్నారు: అంగన్‌వాడీ టీచరు, పిల్లల డాక్టరు, మాట నేర్పే ఆయన, చేర్చుకోవాల్సిన బడి. ఎవరి కాగితం వాళ్లది, ఎవరి మాట వాళ్లది. ఆ నలుగురినీ నెలకోసారి ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒకే మాట మీదకి తేవడం మెర్సీ ఉద్యోగం. నలుగురు అన్నదమ్ముల చేత ఒక పొలం గట్టు ఒప్పించడం దీనికంటే తేలిక.

బుధవారం సాయంత్రం ఆమె కుడిచేతికి పిండికట్టుతో మా ఇంటికొచ్చింది. స్కూటరు మీంచి పడిందట.

“రేపు గుడివాడ వెళ్లి కౌన్సిలరు మేడం చెప్పింది రాసుకుని రావాలి మావయ్యా. నీ చెయ్యి ఖాళీయేగా.”

“నా చెయ్యి రాస్తే ఏమవుతుందో తెలుసుగా?”

“తెలుసు. అందుకే రెండు రోజులు వేరేవాళ్ల కోసం వెతికాను. దొరకలేదు.”

సంగతిది. లోహితకి నాలుగున్నరేళ్లు. తండ్రికి గిలకలదిండి హార్బరులో పని దొరికి, ఏడాది కిందట దివిసీమ నుంచి బందరు వచ్చారు. వచ్చిన కొన్నాళ్లకే పిల్ల నోరు మూసేసింది. వినికిడి పరీక్ష చేయబోతే బొమ్మలా బిగుసుకుపోయింది, చెవుల సంగతీ తేలలేదు. శనివారం నలుగురూ కూర్చుని తేల్చాలి: ఈ పిల్లని ఇంటి దగ్గర అంగన్‌వాడీలోనే ఉంచడమా, దూరపు ఊళ్లో మాటరాని పిల్లల హాస్టలుకి పంపడమా. హాస్టలు ఫారం నింపి సిద్ధంగా ఉంది, సంతకమే తక్కువ. అది పెట్టాల్సిన కౌన్సిలరు మేడం గురువారాలు గుడివాడలో ఉంటారు.

గురువారం పొద్దున్న ఆరూ ఇరవైకి బందరు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాం: నేను, లోహిత, వాళ్లమ్మ రమణ. బండి ఎంత నెమ్మదంటే, పెడన దగ్గర ఒక గేదె మమ్మల్ని దాటి వెళ్లి, వెనక్కి తిరిగి జాలిగా చూసింది. (నాలుగుతో భాగించండి. గేదె ఉంది, చూసింది.) ఎదుటి సీట్లో కవుతరం వెళ్లే పెద్దాయన లోహితని నాలుగు ప్రశ్నలడిగి, జవాబు రాక రమణ వైపు తిరిగాడు.

“వస పోశారా అమ్మా చిన్నప్పుడు?”

“పోశామండి.”

“కొమ్ము పాతదై ఉంటది. మళ్లీ పొయ్యండి.”

మా అమ్మ నాకు కొమ్ము మొత్తం అరగదీసి పోసిందని, మిగిలింది చుట్టుపక్కలవాళ్లు కూడా తెచ్చి పోశారని చెప్పాను. ఆయన నన్ను కాసేపు పరిశీలించి, “అదీ ప్రమాదమే” అని పేపరు తెరిచాడు. లోహిత కిటికీలోంచి కొంగల్ని చూస్తోంది. పెద్దాయన పేపరు కింద పడితే చప్పున తిరిగింది. అంటే చెవులు వినపడుతున్నాయని నా బుర్రకి తట్టడానికి గుడివాడ రావలసి వచ్చింది.

ఎనిమిదింటికి గుడివాడ. స్టేషను బయట ఇడ్లీ బాగుంది, అల్లం పచ్చడి ఇంకా బాగుంది. నాకు ముగ్గురు మనుషుల టిఫిను పట్టిందని రమణ తరవాత మెర్సీతో చెప్పిందట. ఆ విషయంలో పెంచింది ఆవిడే.

పదింటికి మేడం పిలిచారు. నెరిసిన జుట్టు, తొందరలేని మనిషి.

“మీరెవరండీ?”

“మెర్సీ మేనమామనండి. హాస్యం రాస్తుంటాను.”

“అయ్యో” అన్నారావిడ.

ఫైల్లో ఉన్న నాలుగు కాగితాలూ వరసగా చదివారు. ఒకరు వినికిడి లోపం ఉండవచ్చు అన్నారు, ఒకరు మొండితనం, ఒకరు ఎదుగుదల ఆలస్యం, ఇంకొకరు ఏమీ తేల్చలేదు. కానీ నాలుగింటి మొదటి వాక్యమూ ఒకటే: పిల్ల మాట్లాడదు.

“మీరు వీళ్లకి ఏం చెప్పారమ్మా? మీరన్న మాట అన్నట్టే చెప్పండి.”

రమణ చీర కొంగు వేలికి చుట్టుకుంది. “ఇక్కడ మాట్లాడదండీ అని చెప్పానండి.”

మేడం చేతిలో పెన్ను ఆగింది. “‘ఇక్కడ’ అన్నారా?”

“అన్నానండి. నాలుగు చోట్లా అన్నాను.”

“మరి ఎక్కడ మాట్లాడుతుంది?”

“మా అమ్మ దగ్గరండి. ఎదురుమొండిలో. పంటెక్కి ఏరు దాటితే చాలు, వసపిట్టేనండి. బందర్లో కొత్తగా అంగన్‌వాడీ బళ్లో వేసినప్పుడు ఏదో అందంట, దీని యాసకి అందరూ నవ్వారంట. ఆ రోజు నుంచి ఇంతే.”

నవ్వించి బతికేవాణ్ని, నేల చూపులు చూశాను.

పిల్ల చెవులు, గొంతు బాగున్నా కొన్ని చోట్ల భయంతో మాట బిగిసిపోవడం ఉంటుందని మేడం చెప్పారు. “కానీ తల్లి మాట ఒక్కటే ఉంటే శనివారం మళ్లీ ‘ఇక్కడ’ రాలిపోతుంది. ఇంటిమనిషి కానివాళ్లు ఎవరైనా చెవులారా విని రాసుకుని రావాలి. మాట్లాడమని అడక్కూడదు. మెచ్చుకోకూడదు. ఫోన్లో పట్టకూడదు, ఫోను చూస్తే నోరు మూస్తుందట. విన్నది విన్నట్టు.” అని నా వైపు చూశారు. “ఇంకెవరూ లేరా?”

లేరు. జిల్లా మొత్తానికి ఒక సాక్షి కావలసి వస్తే, ఆ సాక్షి నేనయ్యాను.

పదకొండున్నరకి పామర్రు బస్సు. ఆడవాళ్లకి టికెట్టు లేదు, నాకే ఉంది. బస్సు నిండా ఆడవాళ్లే. “మొత్తం బండి మీ ఒక్కరి డబ్బులతోనే నడుస్తోందండి” అన్నాడు కండక్టరు. ఆ గౌరవంతో పామర్రు దాకా నిలబడే వచ్చాను. పామర్రు సెంటర్లో భోజనం, ఒంటిగంటకి అవనిగడ్డ బస్సు. ఈ దారిన వెళ్లదలచినవాళ్లు కిటికీ పక్కన కూర్చోండి. చల్లపల్లి దాకా పైరు పచ్చగా ఉంటుంది, పక్కవాడి కునుకు మీ భుజం మీదే ఉంటుంది.

మోపిదేవి దాటాక చూశాను. లోహిత పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా. నేను చూశానని చూసింది. ఆగిపోయాయి. మేడం మాట గుర్తొచ్చి, అవనిగడ్డ వచ్చేదాకా తల తిప్పలేదు. మెడ పట్టేసింది. ఇది భాగించకండి, నిజంగా పట్టేసింది.

నాగాయలంకలో ఆటో ఎక్కి రేవు చేరేసరికి మూడున్నర. పంటు మీద మోటారుసైకిళ్లు, పాలక్యాన్లు, ఒక మేక, ఎవరికో కొత్త బీరువా. బీరువా అద్దంలో కృష్ణ మొత్తం పట్టింది. నేను పట్టలేదు.

రమణ తల్లి నాంచారమ్మ గుడిసె ముందు చేపలు ఎండబెడుతోంది. రమణ చెవిలో సంగతి చెప్పగానే ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, “ఇంత మనిషిని ఎక్కడ దాచనే?” అంది. చివరికి వలల గుట్ట వెనక తాటాకు పరిచి కూర్చోబెట్టారు.

ఇక్కడి నుంచి భాగించకండి.

లోహిత చెప్పులు విసిరేసి అమ్మమ్మ ఒళ్లో పడింది. పడుతూనే మొదలుపెట్టింది.

“అమ్మమ్మా, నల్లకోడి గుడ్లెక్కడ పెట్టిందే? నాకు చూపియ్యవే. బందర్లో మా ఫ్యాను టకటకా అంటదే. రైల్లో తాత పేపరు పడేసుకున్నాడు. కొంగలు ఇన్నున్నాయి. నాకు రొయ్యలు కావాలి, మీసాలు తీసెయ్యి.”

నా పెన్సిలు ఆమె నోటితో పరిగెత్తలేకపోయింది. రాసుకోగలిగినవి పద్నాలుగు వాక్యాలు. నలభై అని రాయాలని చెయ్యి ఎంత దురద పెట్టిందో ఆ వలలకి తెలుసు. చివరి రెండూ ఇవి:

“అమ్మమ్మా, ఆ లావు తాత మన వలలెనకాల ఎందుకు కూచున్నాడే? ఆయనకి మాటలు రావా?”

నాంచారమ్మ చేపలు తిరగేస్తూనే చెప్పింది. “రాకేమే. నీకులాగే, చోటు చూసుకుని మాట్లాడతాడు.”

నా యాభై మూడేళ్ల వయసుకి ‘తాత’ అన్న మాట కూడా ఉన్నది ఉన్నట్టే రాశాను. ఇంతకంటే నిజాయితీ నా వల్ల కాదు.

అయిదుంబావుకి తిరుగు పంటు. రేవులో లోహిత అమ్మమ్మతో కోడి గురించి ఇంకా చెబుతూనే ఉంది. పంటు కదిలాక తల్లితో చెప్పింది. ఏటి నడుమకి వచ్చేసరికి గొంతు చిన్నదైంది. అవతలి గట్టు మీద మనుషులు కనిపించేసరికి మాట ఆగింది. రమణ పిల్ల జుట్టు సరిచేసింది.

ఆరింటికి నాగాయలంకలో బస్సు, అవనిగడ్డలో మారి, చల్లపల్లి మీదుగా బందరు చేరేసరికి ఎనిమిదింబావు. మెర్సీ బస్టాండులోనే ఉంది. ట్యూబులైటు కింద నిలబడి కాగితం రెండుసార్లు చదివింది.

“ఇందులో పెంచిందెంత మావయ్యా?”

“ఏమీ లేదు.”

“ఒట్టు?”

“తాత అన్నది కూడా రాశాను కదే!”

అప్పుడు నమ్మింది. అక్కడినుంచే మేడంకి ఫోను చేసి పద్నాలుగూ చదివి వినిపించింది. అంతా విని మేడం అన్నారు, “హాస్టలు కాగితం మీద నేను సంతకం పెట్టను. శనివారం ఈ కాగితమే ముందు చదవండి. ఆ అమ్మమ్మ ఓ పది రోజులు వచ్చి అంగన్‌వాడీలో కూర్చోగలదేమో అడగండి.”

రమణ బస్టాండు గచ్చు మీదే కూలబడి ఏడ్చింది. మెర్సీ ఎడమచేత్తో, వంకర అక్షరాలతో, ఫైలు అట్ట మీద రాసింది: ‘ఇక్కడ’ మాట్లాడదు. నా జన్మంతా కథలకి మాటలు చేర్చాను. చేర్చాల్సిన మాట ఒక్కటే ఉన్న కథని ఇదే మొదటిసారి చూశాను.

ఆటో ఎక్కుతూ లోహిత నా వైపు తిరిగి, “టాటా తాతా” అంది.

అనలేదు. ఈ ప్రయాణంలో నేను పూర్తిగా కల్పించింది ఆ ఒక్క మాట. ఆమె తల్లి భుజం వెనక నుంచి రెండు వేళ్లు పైకెత్తి, నేను చూడగానే దించేసుకుంది. మెర్సీ దగ్గర కాగితం తిరిగి తీసుకుని కింద అదే రాశాను: బందరు బస్టాండు, రెండు వేళ్లు.