గ్రాన్యా గిల్వారీ చేతులు

గ్రాన్యా గిల్వారీ ఐర్లండ్ తరఫున ఆడిన మొదటి సాకర్ మ్యాచ్‌లో బంతిని చేత్తో పట్టుకుంది. తగలడం కాదు, పట్టుకుంది. మూల నుంచి ఎత్తుగా వచ్చిన బంతికి అందరికన్నా పైకి ఎగిరి, రెండు చేతులతో అందుకుని, గుండెకు హత్తుకుని, కిందికి దిగి రెండడుగులు పరుగు కూడా తీసింది. మూడో అడుగు పడేలోపు ఈల మోగింది. తన గోలు ముందు నిలబడి, గోల్‌కీపర్ కాని మనిషి అలా పట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అవతలివాళ్ళకు పెనాల్టీ ఇచ్చారు. ఐర్లండ్ ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయింది.

మా కిల్‌కొర్రన్‌లో మాత్రం ఆ క్యాచ్‌కి వంక పెట్టినవాళ్ళు లేరు. లోకమంతా ఫుట్‌బాల్ అనేదాన్ని మేం సాకర్ అంటాం, మాకు ఫుట్‌బాల్ అంటే గేలిక్ ఫుట్‌బాల్. బంతిని గాలిలోనే చేత్తో అందుకోవాలి, నాలుగడుగులు పరుగెత్తాలి, పాదంతో తన్ని మళ్ళీ చేతుల్లోకే తెచ్చుకోవాలి. మేయో కౌంటీలో నడక రాకముందే పిల్లల ఒళ్ళో పెట్టేది ఆ బంతిని. గ్రాన్యా అంత ఎత్తుకి ఎగిరి పట్టేవాళ్ళు ఆడవాళ్ళలో లేరు, మగవాళ్ళలోనూ అనుమానమే. "ఈ ఏడాదికి అదే మంచి క్యాచ్, పాపం తప్పు ఆటలో పట్టింది" అని పబ్బులో వారం రోజులు నవ్వుకున్నారు.

ఆమెకది నవ్వులాట కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు తపాలా పని నేర్చుకోవడానికి డబ్లిన్ వెళ్ళి, అక్కడ గదిలో ఉన్న అమ్మాయిలతో ఆదివారాలు సాకర్ ఆడటం మొదలుపెట్టింది. ఆడుతూ ఆడుతూ దాని మీద మనసు పారేసుకుంది. ఊరికి తిరిగొచ్చి పోస్టు వ్యాను నడుపుతూ కూడా, వారానికి రెండుసార్లు నాలుగు గంటలు ప్రయాణం చేసి డబ్లిన్ వెళ్ళి ఆడి వచ్చేది. ఐర్లండ్ జెర్సీ వేసుకోవాలన్న కోరికను ఆరేళ్ళు కడుపులో దాచుకుంది. తీరా వేసుకున్న రోజున జరిగింది ఇది.

ఇంట్లో దాచుకోవడానికి కారణం వాళ్ళ నాన్న మలకీ. ఆయన కుర్రతనంలో గేలిక్ ఆడేవాళ్ళు సాకర్ ఆడకూడదు, చూడను కూడా చూడకూడదు. చూస్తూ దొరికితే బహిష్కారమే. దొరకబుచ్చుకునే కమిటీలో మలకీ ఉండేవాడు. ఆదివారం పూట కంచె వెనక నక్కి కూర్చుని, సాకర్ చూడటానికి వచ్చినవాళ్ళ పేర్లు నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఆ నిబంధన ఎత్తేసి ఇరవై ఏళ్ళు దాటింది. మలకీ లోపల మాత్రం అది చెక్కుచెదరలేదు. తన కూతురి పేరే ఆ పుస్తకంలోకి ఎక్కాల్సివచ్చిందని ఆయన బాధ.

మ్యాచ్ అయ్యాక కోచ్ హానిఫిన్ ఆమెను పక్కకు పిలిచాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత అనుకుంది.

"నీ కాళ్ళు ఇక్కడికి వచ్చాయమ్మా, చేతులింకా మీ ఊళ్ళోనే ఉన్నాయి. అవీ వచ్చాక కబురు చెయ్. అంతదాకా నిన్ను పిలవలేను" అన్నాడు.

చేతుల్ని ఎలా రప్పించాలో ఆయన చెప్పలేదు. దారి ఆమే వెతుక్కుంది. కోళ్ళగూటి నుంచి రెండు గుడ్లు తెచ్చి, పిడికిలికి ఒకటి పట్టుకుని మైదానంలో నిలబడేది. కిల్‌కొర్రన్ ఆడవాళ్ళ గేలిక్ జట్టు కెప్టెన్ బ్రీజ్ లోఫ్టస్, చిన్నప్పటి నుంచీ గ్రాన్యాతో కలిసి తిరిగిన మనిషి, ఎత్తుగా బంతులు కొట్టేది. గ్రాన్యా తలతో కొట్టాలి, గుడ్డు పగలకూడదు. మొదటి వారం పచ్చసొన మోచేతుల దాకా కారింది. కోడి గుడ్డు పెట్టేది తినడానికా, నీ పిడికిట్లో చావడానికా అని వాళ్ళమ్మ రోజూ సణిగేది. మంచి గేలిక్ ఆటగత్తెను నా చేతులారా పాడు చేసుకుంటున్నాను చూడు అని బ్రీజ్ నవ్వేది. అయినా రేపెప్పుడు రావాలే అని అడిగి మరీ వచ్చేది.

నెల తిరిగేసరికి గ్రాన్యాకు ఒక సంగతి తేలిపోయింది. ఆదివారం గేలిక్ ఆడితే మంగళవారం గుడ్లు పగులుతున్నాయి. ఆదివారం ఆడకపోతే పగలడం లేదు. రెండు ఆటలూ ఈ ఒంట్లో ఇమడవు. ఎవరో చెప్పి ఉంటే నమ్మేది కాదు, తన చేతులే చెప్పాయి. గేలిక్ మానేస్తున్నానని ముందుగా బ్రీజ్‌కే వెళ్ళి చెప్పింది. బ్రీజ్ రెండు రోజులు మైదానం వైపే రాలేదు. మూడోరోజు మళ్ళీ బంతి పట్టుకుని వచ్చింది. గుడ్లు పగలడం పూర్తిగా ఆగాక గ్రాన్యా హానిఫిన్‌కు కబురు పంపింది.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ ఆ శరదృతువులో, ఊరు పుట్టాక మొదటిసారి, మా ఆడవాళ్ళ జట్టు కౌంటీ ఫైనల్‌కి చేరింది. ఊరు ఊరంతా గ్రాన్యా మీద పడింది. ఒక్క మ్యాచ్, ఒక్క గంట, ఆ తర్వాత నీ సాకర్ నువ్వు ఆడుకో అన్నారు. ఫాదరుగారు కూడా ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర ఆపి అదే మాట అన్నారు. బ్రీజ్ మాత్రం నోరు విప్పి అడగలేదు. ఆ అడగకపోవడమే గ్రాన్యాను మెత్తబరిచింది. శుక్రవారం చెబుతానంది. సరే అనే ఉద్దేశంతోనే అంది.

గురువారం తెల్లవారి ఆరింటికి పోస్టాఫీసులో ఉత్తరాలు సర్దుతుంటే తన పేరుతో ఒక కవరు కనిపించింది. మూల మీద సాకర్ సంఘం ముద్ర ఉంది. ఇంకొకరైతే అక్కడే చింపి చూసేవారు. గ్రాన్యా చూడలేదు. ఎవరి ఉత్తరమైనా వాళ్ళ గుమ్మం చేరాకే వాళ్ళదవుతుంది, తనదైనా అంతే. వరసలో తన ఇల్లు నూట తొమ్మిదోది. నూట ఎనిమిది ఇళ్ళకు ఉత్తరాలు ఇచ్చి, మధ్యాహ్నం పన్నెండింటికి తన ఇంటి ముందు వ్యాను ఆపి, గుమ్మంలో నిలబడి చింపింది. హానిఫిన్ పిలిచాడు. మ్యాచ్ ఆదివారం, డబ్లిన్‌లో. కౌంటీ ఫైనల్ కూడా ఆ ఆదివారమే.

ఆమె ఏడ్చింది. పావుగంట ఏడ్చి, మిగిలిన మూడు ఇళ్ళకూ ఉత్తరాలు ఇచ్చి, బ్రీజ్ పనిచేసే కొట్టుకు వెళ్ళి వెళ్తున్నానని చెప్పింది. ఇంటికి వచ్చాక నాన్న అడిగాడు.

"ఊరు ఓడిపోతే ఆ ముఖాలకు ఉత్తరాలు ఎలా ఇస్తావే?"

"రోజూ ఇచ్చినట్టే ఇస్తాను నాన్నా."

ఆదివారం డబ్లిన్‌లో ఐర్లండ్ గెలవలేదు, ఓడనూ లేదు. ఒక్క గోలు కూడా పడనివ్వలేదు. మూల నుంచి తొమ్మిది బంతులు వచ్చాయి, తొమ్మిదింటినీ గ్రాన్యా తలే వెనక్కి పంపింది. కిల్‌కొర్రన్ ఒక్క పాయింటుతో ఓడింది. ఆఖరి నిమిషంలో ఎత్తుగా వచ్చిన బంతిని అందుకునేవాళ్ళు లేకపోయారు.

సోమవారం ఆమెకు సెలవు పెట్టే హక్కుంది, పెట్టలేదు. నూట పన్నెండు ఇళ్ళూ తిరిగింది. తలుపు సందులోంచి వేసి పోవచ్చు, అయినా ఎప్పటిలాగే తట్టి చేతికిచ్చింది. కొందరు ఉత్తరం తీసుకుని తలుపేసుకున్నారు. ఒకావిడ ముఖానే ద్రోహి అంది. నాన్న పేపరు లోంచి తలెత్తకుండా, ఒక్క గోలూ పడనివ్వలేదటగా అన్నాడు. అంతకుమించి ఆయన దగ్గర ఆశించడం అత్యాశే.

బ్రీజ్ గుమ్మంలోనే నిలబడి ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నువ్వుంటే గెలిచేవాళ్ళమే."

"గెలిచేవాళ్ళం" అంది గ్రాన్యా.

"మళ్ళీ అలాంటి ఆదివారం వస్తే?"

"మళ్ళీ డబ్లినే వెళ్తాను."

అబద్ధమాడి ఉంటే బ్రీజ్ క్షమించేది కాదని నా నమ్మకం. ఆ చలికాలమంతా ఇద్దరికీ మాటల్లేవు. వసంతం రాగానే ఎవరు ముందు పలకరించారో ఇద్దరికీ గుర్తులేదు.

గ్రాన్యా ముప్ఫై ఆరేళ్ళ దాకా ఆడింది. నలభై ఒక్కసార్లు ఆ జెర్సీ వేసుకుంది. మోకాలికి రెండుసార్లు కోత పడింది. మ్యాచ్ కోసం తీసుకున్న సెలవులన్నీ క్రిస్మస్ వారంలో బదులు పనిచేసి తీర్చింది. ఐర్లండ్‌కు పెద్ద పోటీల్లో ఆడే అర్హత ఎన్నడూ రాలేదు, పతకం అనేది ఆమె ఇంట్లో లేదు.

ఆమె ఆడుతున్న ఆరో ఏట కిల్‌కొర్రన్ ఆడవాళ్ళు కౌంటీ ఫైనల్ గెలిచారు. ఆమె లేకుండానే. అభినందనల కార్డులు రెండు సంచులు వచ్చాయి. వాటిని ఇంటింటికీ పంచింది గ్రాన్యానే. ఆ వారం పతకాలు కూడా రిజిస్టరు పార్సెల్లో కెప్టెన్ పేర వచ్చాయి. బ్రీజ్ గుమ్మంలోనే పెట్టె విప్పి, పతకాలకేసీ గ్రాన్యాకేసీ చూసింది.

"బాధగా లేదటే? నిజం చెప్పు."

"ఉంది" అని గ్రాన్యా రసీదు పుస్తకం ముందుకు చాపింది. "ఇక్కడ సంతకం పెట్టు. ఇంకా ఇరవై ఇళ్ళున్నాయి, సాయంత్రం డబ్లిన్ బస్సు అందుకోవాలి."