నమూనా ప్రతి

ఫోను కొనడానికి వెళ్ళిన మనిషి దాని వెన్ను నిమిరి, మూలలు తడిమి, ఆఖరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం మీరెప్పుడైనా చూశారా? బంక మేస్త్రి అదే చేశాడు. నలభై ఏళ్ళుగా పుస్తకాలు కుట్టి అట్టలు వేసే చెయ్యి అది. లైబ్రరీ పుస్తకమైనా, కాలేజీ రికార్డయినా, వకీళ్ళ లావుపాటి సంపుటాలైనా చేతికందగానే ముందు ఈ మర్యాదలన్నీ జరగాల్సిందే. ఫోను మాత్రం ఏం పాపం చేసింది?

"దానికి వాసనుండదు బాబాయ్," అంది షాపులో అమ్మాయి.

"కుట్టెక్కడుందమ్మా?"

"కుట్టేంటి?"

"రేపు విప్పాల్సొస్తే?"

"విప్పకూడదు బాబాయ్."

విప్పకూడని వస్తువంటే మేస్త్రికి మొదటినుంచీ అనుమానమే. అమ్మాయి ఊపిరి తీసుకోకుండా మెమరీ అంది, బ్యాటరీ అంది, కెమెరాలు వెనక మూడున్నాయంది. మేస్త్రికి ఒక్క ముక్క ఎక్కలేదు.

"నాకు ఫొటోలొద్దు తల్లీ. పుస్తకం చదవాలి. అక్షరం ఎంత లావు కనపడుతుంది?"

"మీకెంత కావాలంటే అంత. వేలకొద్దీ పుస్తకాలు పెట్టుకోవచ్చు ఇందులో."

"అన్నీ పెడితే ఎంత బరువెక్కుతుంది?"

వేళాకోళం అనుకుని ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. ఆయన నిజంగానే అడిగాడు మరి.

ఈ వయసులో ఈ తంటా ఎందుకంటే, కూతురు పుస్తకం రాసింది. నలభైకి దగ్గరపడ్డా ఇంట్లో ఇప్పటికీ బుజ్జే. ఊరి ఆ చివర కాపురం, ఆఫీసులో ఉద్యోగం. ఎప్పుడు రాసిందో ఏమో, ఓ నవల రాసేసింది. అది కాగితం మీద రాలేదు, ఫోన్లోనే వచ్చింది. పుస్తకాలు కుట్టేవాడి కూతురి పుస్తకానికి కుట్టే లేదంటే, ఆ మాట నలుగురికీ ఎలా చెప్పాలో మేస్త్రికి తెలియలేదు. పైగా బుజ్జి ఫోన్ చేసినప్పుడల్లా, "నువ్వు చదవక్కర్లేదులే నాన్నా, కళ్ళకి శ్రమ," అంటుంది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"మూడుసార్లు వద్దందంటే అందులో ఏదో ఉందండీ," అంది మేస్త్రి భార్య. "లేకపోతే మీకర్థం కాదనుకుంటోంది."

మొదటి మాట ఆయన చెవికెక్కలేదు. రెండోది మాత్రం ముల్లులా గుచ్చుకుంది. ఊళ్ళోవాళ్ళ పుస్తకాలన్నీ ఈ చేతుల మీదుగా వెళ్ళాయే! కన్నకూతురు రాసింది తను చదివి, బాగుందే అని ఒక్క మాట అనాలి. అది కుట్టేవాడి మాటలా ఉండకూడదు, చదివినవాడి మాటలా ఉండాలి. ఆయనకు కావలసింది అంతే.

కావాలనుకుంటే సరిపోతుందా? ముందు వేలే ఒప్పుకోలేదు. కాగితాలు మడిచీ మడిచీ కాయలు కాసిన ఆ వేలిని ఫోను వేలుగానే లెక్కచెయ్యలేదు. గట్టిగా నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. అలవాటు కొద్దీ వేలు తడి చేసుకుని పేజీ తిప్పబోయాడు. తెర మీద బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"దానికి ఎంగిలి పూయకండి!" అని భార్య లాక్కుంది. ఆవిడ వేలు తగలగానే బుద్ధిమంతురాల్లా తెరుచుకుంది. "ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నా వేలికి విలువొచ్చింది," అని ఆవిడ ఆ పూటంతా దెప్పింది.

నోటితో చెప్పినా వింటుందని షాపు అమ్మాయి చెప్పింది కదా అని, మేస్త్రి ఫోనుని ఎదురుగా నిలబెట్టి, పెద్దమనిషితో మాట్లాడినట్టు, "మా అమ్మాయి రాసిన పుస్తకం," అన్నాడు. అది ఆడపిల్లలకు పెట్టదగిన పేర్లు వెయ్యి చూపించింది. "పేరెప్పుడో పెట్టాంలే," అన్నాడు. పెళ్ళి సంబంధాలు చూపించింది. "అదీ అయిపోయిందయ్యా!" నొక్కిన చోటల్లా ఏదో గడి లేచి, అంగీకరిస్తున్నారా, లేదా అని అడుగుతుంది. దేనికి అంగీకరించాలో అంతా చదివేలోపు అది కాస్తా మాయం. చదవకుండా ఒప్పుకోవడం ఆయనకు చేతకాదు, ఒప్పుకోకపోతే అది కదలదు. రెండు రోజులకి తల ప్రాణం తోకకొచ్చింది.

మూడోనాడు భార్య వేలి పుణ్యమా అని కూతురి పేరు కనిపించింది. పక్కన చిన్న బొమ్మ. అదే అట్టట! కింద రెండు మీటలు. ఒకటి 'కొనండి'. రెండోది 'నమూనా'.

మేస్త్రి ప్రాణం లేచొచ్చింది. నమూనా అంటే ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వంద కాపీలు బైండు చెయ్యాలంటే ముందొకటి పూర్తిగా కుట్టి, అట్టేసి, యజమానికి చూపిస్తారు. ఆయన సరేనన్నాకే మిగతా తొంభై తొమ్మిది. అదే నమూనా ప్రతి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అన్నీ ఉంటాయి, అందరికంటే ముందు ఇంటివాళ్ళు చూసుకునేది. కూతురి పుస్తకానికి తండ్రి చూడాల్సింది నమూనా కాక మరేమిటి? నొక్కించాడు.

చదివాడు. మధ్యాహ్నం పూట బల్ల మీద కత్తీ దారం పక్కకు జరిపి, అక్షరం లావు చేసుకుని మరీ చదివాడు. ఒక బైండింగు కొట్టు, అందులో పొద్దస్తమానం పని చేసే తండ్రి, గుమ్మంలో కూర్చుని చిత్తు కాగితాల మీద రాసుకునే పిల్ల. తన కొట్టే! ఆయనకు ఒళ్ళు పులకరించింది. వానలో పిల్ల గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. తండ్రి తలెత్తాడో లేదో చెప్పకుండానే పుస్తకం అయిపోయింది.

అరవై ఒకటో పేజీ అది. పదహారు పేజీలు ఒక ఫారం. ఏ లెక్కన చూసినా అరవై ఒకటి దగ్గర పుస్తకం ఆగదు. అక్షరం సన్నం చేసి చూస్తే అదే చివరి వాక్యం ముప్పై ఎనిమిదో పేజీలో ఉంది! పిండిలా పొంగి, మళ్ళీ అణిగే పుస్తకాన్ని ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇప్పటివాళ్ళ పద్ధతి కాబోలు అనుకుని కూతురికి ఫోన్ చేశాడు.

"చదివేశానే బుజ్జీ. ఎంత బాగా రాశావే!"

"అంతా చదివావా నాన్నా?"

"అట్ట నుంచి అట్ట దాకా."

"ఆ నోటు పుస్తకం సంగతి కూడానా?"

మేస్త్రి తెల్లబోయాడు. ఏ నోటు పుస్తకం? చదవలేదంటే పరువు పోతుంది. "ఆ... అదీ చదివాను," అన్నాడు.

"కోపం రాలేదా?"

"కోపమెందుకే పిచ్చిదానా?"

బుజ్జి ఏడ్చింది. ముక్కు చీదుకుంటూ, "రెండు నెలల్నుంచి నిద్ర లేదు నాన్నా, నువ్వు చదివితే ఏమంటావోనని," అంది. మేస్త్రి కూడా ఊఁ కొడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఎందుకు తుడుచుకున్నాడో ఆయనకే తెలియదు.

ఫోను పెట్టేశాక మళ్ళీ చదివాడు. ఇంకోసారి చదివాడు. నోటు పుస్తకం అన్న మాట ఎక్కడా లేదు. తన మతి పోయిందా, ఫోను మతి పోయిందా? మర్నాడు పొద్దున్నే షాపుకెళ్ళి బల్ల మీద పెట్టాడు.

"దీన్లో ఒక ఫారం జారిపోయిందమ్మా."

అమ్మాయి చూసి పకపకా నవ్వింది. "ఇది నమూనా బాబాయ్! రుచి చూడ్డానికి కొంచెమే ఇస్తారు. పదోవంతు కూడా లేదు. మిగతాది కొనుక్కోవాలి."

రుచి చూడ్డానికా! తన పనిలో నమూనా అంటే మొత్తం, వీళ్ళ పనిలో చిటికెడు. మేస్త్రికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడికక్కడే కొనిపించుకున్నాడు.

మిగతాది రెండు రోజులు చదివాడు. రెండో రోజు సాయంత్రం నోటు పుస్తకం వచ్చింది. పిల్లకి పద్నాలుగేళ్ళు. కథలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి కొట్టులో అలమర మీద దాచుకుంది. వకీళ్ళ సంపుటాలు తొందరగా ఇవ్వాలి, వెన్ను లోపల అంటించే చిత్తు కాగితం అయిపోయింది. తండ్రి ఆ నోటు పుస్తకం చింపి, పట్టీలు కోసి, బంక రాసి అంటించేశాడు. 'నాన్న చూడలేదు,' అని రాసింది బుజ్జి. 'ఆయన కాగితం మందమే చూస్తాడు, అక్షరం చూడడు. చూసి ఉంటే చింపేవాడు కాదు. అందుకే ఆయన మీద కోపం పెట్టుకోలేదు.'

మేస్త్రి ఫోను బోర్లా పెట్టేశాడు. ఆయన చూశాడు.

ఆ సంగతి ఆయన ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, కట్టుకున్న దానితో కూడా. ఇప్పుడేం చెయ్యాలి? చెప్తే, కూతురు ఇన్నేళ్ళు పట్టి కూడగట్టుకున్న మన్నింపు ఒక్క దెబ్బతో పోతుంది. చెప్పకపోతే, ఆ మన్నింపు తనకు కాదు, అక్షరం చూడని ఇంకెవరికో. అన్నం ముందు కూర్చున్నాడు గాని ముద్ద దిగలేదు.

"ఏమైందండీ? బాగాలేదా పుస్తకం?" అంది భార్య.

"చాలా బాగుంది," అన్నాడు. అదే బాధ.

మర్నాడు కొట్టు తెరవకుండానే ఫోన్ చేశాడు. "బుజ్జీ, మొన్న నీతో అబద్ధమాడానే. అప్పటికి నమూనాయే చదివాను. అదే పుస్తకమంతా అనుకున్నాను. ఇప్పుడు చదివాను."

"ఊఁ," అంది బుజ్జి. గొంతు మారిపోయింది.

"ఒక్క చోట తప్పు రాశావు."

"ఎక్కడ?"

"నేను చూడలేదన్నావు. చూశాను. అది నీ నోటు పుస్తకమని తెలుసు. ఒక పేజీ చదివాను. చదివాకే చింపాను."

బుజ్జి ఫోను పెట్టేస్తుందేమో అనుకున్నాడు మేస్త్రి. పెట్టెయ్యలేదు.

"ఏముంది ఆ పేజీలో?"

"వదిలెయ్యవే."

"నాకు ఒక్క ముక్క గుర్తు లేదు నాన్నా. అందులో ఏం రాసుకున్నానో గుర్తొస్తుందేమోననే ఈ పుస్తకం మొదలుపెట్టాను. రాలేదు. నీకు గుర్తుందా?"

గుర్తుందా అంటే ఏం చెప్తాడు? మర్చిపోదామని ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. గొంతు సవరించుకుని, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా మొదలుపెట్టాడు.

"'నిన్న మా బడికి ఒకాయన రికార్డులు ఇవ్వడానికి వచ్చాడు. ఎవరే ఆయన, నిన్ను చూసి నవ్వుతున్నాడు అని పిల్లలు అడిగారు. పుస్తకాలు కుట్టే ఆయన అన్నాను. మా నాన్న అని చెప్పలేదు. ఆయనకి వినపడిందో లేదో...'"

"నాన్నా, ఆగు."

ఆగాడు. అవతల ఏదో సొరుగు లాగిన చప్పుడు, కాగితం పరిచిన చప్పుడు. కాగితం చప్పుడు ఆయనకు ఎక్కడున్నా తెలుస్తుంది.

"మళ్ళీ చెప్పు," అంది బుజ్జి. ఏడుస్తోంది. "నెమ్మదిగా. రాసుకుంటున్నాను."

"'పుస్తకాలు కుట్టే ఆయన అన్నాను,'" అన్నాడు మేస్త్రి. ఆమె రాసేదాకా ఆగి, తర్వాతి వాక్యం చెప్పాడు. "'మా నాన్న అని చెప్పలేదు.'"