పేరమ్మ పోట్లాట

పేరమ్మకు ఉన్నది ఒకటే జబ్బు, డ్రైవరుతో పోట్లాట. వాకాడు నుంచి తడ ఫ్యాక్టరీకి మేం పద్నాలుగు మంది ఆడవాళ్లం వ్యానులో పోతాం. ముందు సీటు ఆవిడదే. బండి కదిలిందంటే డ్రైవరు శివ మీద పడాల్సిందే.

“ఒరే శివా, చేపల పులుసులో మెంతులెయ్యరంటివే, మీ ఇంట్లో నాలికలుండాయా?”

“మా అమ్మ ఎయ్యదక్కా!”

“మీ అమ్మనే అడగతా, బండాపు!”

వాడు బండి ఆపడు, ఆవిడ నోరు ఆపదు. నాయుడుపేట దాటితే ఎండుచేపల మీద, సూళ్లూరుపేట దాటితే వాడి మీసం మీద. కాస్త కునుకు తియ్యనివ్వు తల్లీ అని నేనే ఎన్నిసార్లు దండం పెట్టానో!

ఒక ఉదయం పేరమ్మ నోరు మూసుకుని ఎక్కింది. పన్ను పీకించుకుని దూది పెట్టుకుందట. దేవుడున్నాడనుకుని అందరం కళ్లు మూశాం.

హైవే మీద బండి పక్కకు జరుగుతున్నట్టనిపించి కళ్లు తెరిచాను. ఎదురుగా రోడ్డువార ఆగిన లారీ. శివ తల గుండెల మీదికి వాలిపోయి ఉంది. పేరమ్మ దూది ఉమ్మేసి, స్టీరింగు పట్టుకుని, “ఒరే శివా! మెంతులు!” అని అరిచింది. వాడు ఉలిక్కిపడి బండి తిప్పాడు. లారీకి జానెడు దూరంలో బయటపడ్డాం.

బండి ఆగింది. పేరమ్మ గడ్డం మీద రక్తం. శివ ఏడుస్తున్నాడు. “రాత్రి తొమ్మిది గంటలు పడుకున్నానక్కా!”

“పడుకుంటివి, నిద్ర యాడపోయినావు? మధ్యాన్నం బండిలో పడుకుంటే చూసినా గదా. గురక టక్కున ఆగిపోతది. పదిహేను లెక్కబెట్టినాక గానీ ఊపిరందక ఎగిరిపడవు. ఆస్పత్రికి పొమ్మంటే, గురకపెట్టేవోడు అదృష్టవంతుడంటివి!”

ఆర్నెల్ల పోట్లాట ఎందుకో అప్పటికి అర్థమైంది. నాకు ఒళ్లు మండింది. “మాకెందుకు చెప్పలేదు? అందరం చచ్చేవాళ్లం గదా!”

“చెప్తే వాడి పని పోతదనుకున్నా వినీలా. తప్పే.” ఆవిడ ఎదురు చెప్పకపోవడం అదే మొదలు.

ఆ రోజే శివను నెల్లూరు ఆస్పత్రికి లాక్కుపోయింది. రాత్రంతా పడుకోబెట్టి పరీక్ష చేస్తే, నిద్రలో గొంతు మూసుకుపోయి, గంటకు ముప్పైసార్లు ఊపిరి ఆగుతోందట. వదిలేస్తే బీపీ, గుండెజబ్బు కూడా రావచ్చని చెప్పి, రాత్రిళ్లు పెట్టుకోవడానికి మాస్కున్న మిషను ఇచ్చారు. డాక్టరు సరేననేదాకా నెలన్నరపాటు శివ ఫ్యాక్టరీ గేటు దగ్గరే పనిచేశాడు.

వాడు మళ్లీ స్టీరింగు పట్టిన రోజు, పేరమ్మ వాడి భార్య ధనలక్ష్మికి స్పీకరు పెట్టి మరీ ఫోను చేసింది.

“రాత్రి మాస్కు తీసినాడామే?”

“లేదక్కా. కానీ గురక లేకపోతే నాకే భయం. బతికుండాడా లేదా అని తెల్లార్లూ రొమ్ము మీద చెయ్యేసి చూస్తా ఉండా.”

“వాడి నిద్ర నువ్వు చెడగొడతావా? దిండు చంకనేసుకోని పోయి వాకిట్లో పడుకో!”

ఫోను పెట్టేసి, ముందు సీటు వదిలి, వెనక నా పక్కన కూర్చుంది. నాయుడుపేట చేరకముందే నా భుజం మీద నిద్రపోయింది. గురక వస్తుందేమోనని దారిపొడుగునా చెవి పెట్టి కూర్చున్నాను.