గౌను వెనక బొత్తాలు

మా వదిన బతుకులో సగం కుట్టుమిషను ముందే గడిచింది. పసిపిల్లల గౌన్లు కుట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. సొంత పిల్లల్ని పెంచిందీ ఆ మిషను తొక్కుతూనే. నీళ్ళు పొయ్యడం, తుడవడం, బట్టలు తొడగడం అన్నీ చిటికెలో అయిపోవాలి. పిల్లలు ఏడిస్తే ఏడ్చారు, శుభ్రంగా మాత్రం ఉన్నారు.

కోడలు ఉద్యోగంలో చేరాక రెండేళ్ళ మనవరాలికి ఒక ఆయాను పెట్టారు. మోకాళ్ళ నొప్పులతో వదిన పిల్ల వెంట పరిగెత్తలేదు కదా. ఆ సంగతి తెలిసీ, ఆయా వచ్చిన మర్నాటి నుంచే వదినకు కడుపుమంట మొదలైంది.

ఆయా పద్ధతే వేరు. చెంబెత్తి, "మోకాలెక్కడ దాక్కుందబ్బా?" అని వెతికేది. పిల్ల తనే మోకాలు చాపి నీళ్ళు పోయించుకునేది. గౌను చేతిలో చెయ్యి పెడితే ఎలుక కన్నంలో దూరిందనేది. పిల్లకు మాటలన్నీ అక్కడే వస్తున్నాయని కోడలు మురిసిపోయేది.

"స్నానం చేయించమంటే సంత పెట్టింది" అని వదిన నా దగ్గర గొణిగేది. అసలు బాధ వేరు. తను చేతులు చాపితే పిల్ల వెళ్ళి ఆయా కాళ్ళ వెనక దాక్కుంటోంది. ఇక తన ఒళ్ళోకి రానే రాదేమోనని బెంగ.

అందుకని ఒక గౌను కుట్టింది. వీపున మెడ నుంచి నడుం దాకా శనగగింజలంత బొత్తాలు, బిగుతు కాజాలు. ఆయా పెట్టలేక చేతులెత్తేస్తుంది, పిల్లను తన దగ్గరికే తేవాలి. అదీ ఎత్తు.

ఆయా చేతులెత్తెయ్యలేదు. తీరిగ్గా కూర్చుని, "పిల్లి ఇంట్లోకెళ్ళింది, తలుపేసుకుంది. కాకి ఇంట్లోకెళ్ళింది, తలుపేసుకుంది" అంటూ ఒక్కో బొత్తం పెట్టింది. ఆఖరిది ఏనుగు. అది తలుపులో పట్టక గింజుకుంటుంటే పిల్ల పడీపడీ నవ్వింది. ఇక వేరే గౌను వేసుకుంటేనా! వదిన మొహం మాడిపోయింది.

ఒకరోజు ఆయాకు జ్వరమొచ్చి రాలేదు. గౌను వదిన చేతికే వచ్చింది. తను కుట్టిన కాజాలు తనకే లొంగలేదు. పిల్ల కదలకుండా నిలబడి "పిల్లీ..." అని అందించింది. వదిన పళ్ళు బిగబట్టి "ఆఁ, వెళ్ళింది" అంది. "కాకీ..." అదీ వెళ్ళింది. ఆఖరి బొత్తం దగ్గర పిల్ల ఊరుకుంది, వదినకేమో గుర్తు రాలేదు.

"నానమ్మ ఇంట్లోకెళ్ళింది. లావుగా ఉంది, తలుపు పట్టట్లేదు" అంది వదిన.

పిల్ల గిర్రున తిరిగి ఆమెను ఎగాదిగా చూసింది. నవ్వీనవ్వీ ఆమె ఒళ్ళోనే కూలబడింది.

మర్నాడు ఆయా ఏనుగు దాకా వచ్చేసరికి పిల్ల "కాదు" అని గోల పెట్టింది. పులి అంటే కాదు, బస్సు అంటే కాదు.

"పెద్దమ్మగారూ, నిన్న ఆఖర్న ఏం చెప్పారు?" అనడిగింది ఆయా.

"నాకేం గుర్తు? పిల్లనే అడుగు" అంది వదిన, సూదిలో దారం ఎక్కిస్తూ.

పిల్ల ఆఖరి బొత్తం పెట్టని గౌనుతోనే పరిగెత్తుకొచ్చి వదిన ముందు నిలబడింది. వదిన సూది పక్కన పెట్టి, ఆయాకు వినబడకుండా పిల్ల చెవిలో చెప్పి, ఆఖరి బొత్తం పెట్టింది.

ఆయా ఒకసారి పిండేసిన తువ్వాలును మళ్ళీ గట్టిగా పిండింది.