కాఫీపొడి డబ్బా, పెట్రోలు ట్యాంకు

మా వ్యానుకి పెట్రోలు ట్యాంకు కంపెనీవాళ్ళు పెట్టిన చోట లేదు. వాళ్ళు వెనక భాగంలో నేల కింద పెట్టారు. మాకేమో అక్కడ మా చెల్లి చక్రాల కుర్చీ పట్టాలి. నేలని జానెడు కిందికి దించకపోతే తన తల పైకప్పుకి తగలక మానదు. అందుకని వెనక సీటు పీకించి, నేల కోయించి దించి, మడత పెట్టే ర్యాంపు బిగించి, పాత ట్యాంకు బదులు రేకుతో కొత్తది చేయించి బండి ఎడమ పక్కన కింద పెట్టించాం. మార్పులన్నీ బండి కాగితాల్లోకి కూడా ఎక్కించాం. బండి షెడ్డు నుంచి బయటికొచ్చిన రోజు చెల్లి ఎవరి సాయమూ లేకుండా ర్యాంపు ఎక్కి, కుర్చీకి బ్రేకు వేసుకుని, "పోనీయక్కా" అంది. నేను కుర్చీని నేల కొక్కేలకి బెల్టులతో కట్టి బండి తీశాను. సంతోషంతో గేరు కూడా సరిగ్గా పడలేదు.

మేమిద్దరం కాకినాడ నుంచి వచ్చి నోయిడాలో ఉంటున్నాం. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. ఇతరుల పనిలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా అది మానుకోలేనని చెల్లి ఫిర్యాదు. నాకు ముక్కు మీదే కోపమన్నది తన రెండో ఫిర్యాదు. తను సివిల్స్ కోసం ఢిల్లీ వచ్చి, ముఖర్జీ నగర్‌లో కిటికీ లేని పీజీ గదిలో ఉండి చదివింది. రోడ్డు ప్రమాదంలో నడక పోయింది. ఆ తర్వాత సివిల్స్ కూడా అందలేదు. చదివిన జాగ్రఫీ మాత్రం తలలో భద్రంగా ఉంది కాబట్టి ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేది.

"పిల్లలందరూ కెమెరాలు కట్టేసుకుంటారక్కా. నల్ల డబ్బాలకి పాఠం చెప్తున్నట్టుంటుంది. అర్థమైందో లేదో మొహం చూస్తేగా తెలిసేది" అని వాపోయేది.

అలా ఉండగా ముఖర్జీ నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు తనని జులై బ్యాచ్‌కి పిలిచారు. కింది అంతస్తులో గది ఇస్తామన్నారు. అయితే వేసవిలో అప్పుడప్పుడూ వచ్చి డెమో క్లాసులు చెప్పాలనీ, రోజూ రాగలదని తమకి నమ్మకం కుదిరితేనే బ్యాచ్ అప్పగిస్తామనీ అన్నారు. చెల్లి ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత ఆనందం. ఆ "రోజూ రావడం" కోసమే మా వ్యాను.

మొదటి ప్రయాణం నుంచే బండిలో పెట్రోలు వాసన తగిలేది. అద్దం దించుకుని నడిపే నాకు సన్నగా, వచ్చీ రానట్టు తెలిసేది. "వెనక నీకేమైనా వాసనొస్తోందా?" అంటే, "వాసనా? ఏం వాసన?" అనేది చెల్లి. ఈ మార్పులన్నీ చేసిన షెడ్డు మిస్త్రీకి ఫోన్ చేస్తే, "నయా కామ్ హై దీదీ" అన్నాడు. కొత్త పని కదా, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని అతని ఉద్దేశం. కూర్చున్న మనిషే లేదంటుంటే నేను మాత్రం ఏం వాదిస్తాను?

ఇంకో సంగతి కూడా నాకప్పుడు వింతగా అనిపించింది. మా చెల్లికి కాఫీ అంటే ప్రాణం. ఊరి నుంచి పొడి తెప్పించుకుని, ఫిల్టరు వేసుకుని, గ్లాసు మొహం దగ్గర పెట్టుకుని కాసేపు అలా ఉండిపోయి తర్వాత గానీ తాగేది కాదు. అలాంటి మనిషి మే నెలలో ఉన్నట్టుండి కాఫీ మానేసింది. ఎసిడిటీ అంది. సరే, మంచిదే అనుకున్నాను. కానీ తాగేది నేనొక్కదాన్నే అయినా పొడి మాత్రం మునుపటికన్నా తొందరగా అయిపోయేది.

ఒక రోజు క్లాసుకి వెళ్తున్నాం. రింగ్ రోడ్డు మీద కశ్మీరీ గేట్ బస్టాండు దగ్గర ఒక ఈ-రిక్షావాడు అడ్డంగా దూరాడు. గట్టిగా బ్రేకు వేశాను. వెనక ఏదో డబ్బా పడ్డ చప్పుడైంది. అద్దంలో చూస్తే చెల్లి ఒడి నిండా, చున్నీ మీద కాఫీపొడి. మొహం పాలిపోయి, చెమటలు కారుతున్నాయి. బండి పక్కకి తీసి వెనక తలుపు తెరిచేసరికి పెట్రోలు వాసన గుప్పుమంది.

"ఇదేంటే?"

"కాఫీపొడి."

"కనిపిస్తోంది. డబ్బాలో పోసుకుని ఎందుకు తెచ్చుకున్నావని?"

చున్నీ దులుపుకుంది. తర్వాత మెల్లగా అంది. "బ్రేకు వేసినప్పుడల్లా వాసన పైకొచ్చేస్తుందక్కా. కడుపులో తిప్పుతుంది. ఇది ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎలాగోలా క్లాసు దాకా లాగించేస్తున్నా. ఇప్పుడు ఇంట్లో కాఫీ గ్లాసెత్తినా పెట్రోలే గుర్తొస్తోంది."

"మరి అడిగితే లేదంటావేం?"

"ఉందంటే నువ్వు బండి ఆపేస్తావు. తెలీదా నాకు?"

నిజంగానే ఆపేశాను. అక్కడే, రోడ్డు పక్కన, అందరూ చూస్తుండగా నోటికొచ్చినట్టు తిట్టాను. అది కోపం కాదు, భయం. బెల్టులతో కట్టేసి ఉన్న మనిషిని, తనంతట తాను దిగి పరిగెత్తలేని మనిషిని, పెట్రోలు ఆవిరి నిండిన బండిలో ఇన్నాళ్ళూ తిప్పానా అని. క్లాసుకి రాలేమని ఫోన్ చేసి, తలుపులూ అద్దాలూ తెరిచి వాసన పోయేదాకా ఆగి, మెల్లగా ఇంటికి తీసుకొచ్చాను. ఇంటి ముందు ర్యాంపు దించుతుంటే చెల్లి, "బండి ఆపెయ్యడం కాదక్కా, వాసన ఆపు. బండి ఆపేస్తే నేను మళ్ళీ ఆ నల్ల డబ్బాలకే చెప్పుకోవాలి" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. నావీ ఆగలేదు.

మర్నాడు అద్దాలన్నీ దించుకుని నేనొక్కదాన్నే షెడ్డుకి తీసుకెళ్ళాను. చెల్లి వీడియో కాల్‌లో ఉంది. మిస్త్రీ మా వయసువాడే. చెయ్యి మంచిది, కాస్త మొండి. బండిని పైకెత్తించి, టార్చి వేసి చూపించాడు. ట్యాంకు గాలి పీల్చి వదలడానికి పక్కనుంచి ఒక గొట్టం తీసి, పొట్టిగా, ర్యాంపు మడత బందు దగ్గరే వదిలేశారు. బ్రేకు పడ్డప్పుడల్లా లోపలి పెట్రోలు ఎగిరి ఆ గొట్టంలోకి వస్తోంది. ఆవిరి ర్యాంపు సందులోంచి నేరుగా చెల్లి కాళ్ళ దగ్గరికి పోతోంది.

"ఒక బోల్టు కొట్టి మూసేస్తే సరి, దీదీ" అన్నాడు. ఆ క్షణంలో నాకది చక్కటి మాటలాగే వినిపించింది.

"వద్దు భయ్యా!" అని ఫోన్లోంచి చెల్లి అరిచింది. పెట్రోలు తరిగేకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి కదా, రాకపోతే ఇంజిన్‌కి పెట్రోలు అందక బండి ఏ ఫ్లైఓవర్ మీదో ఆగిపోదా అంది. ఈ ఎండకి లోపల ఆవిరి ఉబ్బితే ఏ అతుకు దగ్గరో దారి చేసుకుని బయటికి రాదా అని కూడా అడిగింది.

మిస్త్రీ తల గోక్కున్నాడు. "నాకూ తెలుసు దీదీ. మీ అక్కగారు మరీ కోపంగా ఉన్నారని ఏదో ఒకటి అనేశాను."

అతను బానెట్ ఎత్తి, ఒక మూలనున్న నల్ల ప్లాస్టిక్ డబ్బా చూపించాడు. ఇదివరకు పాత ట్యాంకు ఆవిరి ఈ డబ్బాలోకి వచ్చేదట. ట్యాంకు మార్చినప్పుడు దీని గొట్టం ఊడదీసి, మూతికి ఒక మర బిగించి వదిలేశాడు. ఎందుకయ్యా అంటే, "అది లేకపోయినా బండి నడుస్తుంది కదా దీదీ" అన్నాడు. మా ఆఫీసులో నేను రోజూ వినే మాట ఇదే. నడుస్తోంది కదా! అందుకే నా ఉద్యోగం ఇంకా ఉంది.

"ఇంతకీ ఆ డబ్బాలో ఏముంటుంది?" అంది చెల్లి.

"బొగ్గుపొడి, దీదీ. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచుకుంటుంది. ఇంజిన్ నడిచేటప్పుడు దాన్ని లాక్కుని కాల్చేసుకుంటుంది."

ఫోన్లో పకపకా నవ్వు. "అక్కా, బండి కూడా నాలాగే డబ్బా పెట్టుకుందే!"

ఈసారి పని నా కళ్ళ ముందే జరగాలని పట్టుబట్టి, ఆఫీసుకి సెలవు పెట్టి షెడ్డులో స్టూలేసుకుని కూర్చున్నాను. ట్యాంకు దించి, ఖాళీ చేసి, పైభాగంలో అన్నిటికన్నా ఎత్తైన చోట కొత్త మూతి అతికించడానికి ట్యాంకుల పనివాళ్ళ దగ్గరికి పంపితే నేనూ వెంట వెళ్ళాను. వాళ్ళు దాన్ని కడిగి, నీళ్ళు నింపి గానీ మంట దగ్గరికి తేలేదు. మూతి నుంచి గొట్టాన్ని పెట్రోలు పోసే చోటికన్నా పైకి తీసుకెళ్ళి, వంచి, మళ్ళీ కిందికి తెచ్చారు. బండి తిరగబడితే తనంతట తానే మూసుకునే చిన్న వాల్వు ఒకటి మధ్యలో పెట్టారు. అక్కణ్నుంచి గొట్టం బండి బయటి వైపు నుంచే బొగ్గు డబ్బాకి చేరింది. నీళ్ళ పైపు ముక్కలేవీ వాడనివ్వలేదు, పెట్రోలుకి తట్టుకునే రబ్బరు గొట్టమే. చివర్లో మెల్లగా గాలి నింపి, అతుకులన్నిటికీ నేనే సబ్బు నురగ పూశాను. ఒక చోట బుడగ లేచింది. మిస్త్రీ క్లాంపు మార్చాడు. మళ్ళీ పూశాను. లేవలేదు.

అయినా నమ్మకం కుదరక, చెల్లి కుర్చీ ఉండే చోట నేల మీద చతికిలబడి, అద్దాలన్నీ మూయించి, అతన్ని నడపమన్నాను. దారంతా బ్రేకులు వేస్తూ పోయాడు. కొక్కేలు పట్టుకుని, ర్యాంపు సందు దగ్గర ముక్కు పెట్టి కూర్చున్నాను. గ్రీజు వాసన వచ్చింది, నా చెమట వాసన వచ్చింది, పెట్రోలు వాసన రాలేదు.

డెమో క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి. డబ్బా మాత్రం చెల్లి సంచిలోనే ఉండేది. జూన్‌లో ఒక రోజు, యమున వంతెన దాటుతుండగా, వెనకనుంచి గొంతు వినిపించింది. "అక్కా, వాసన."

ఆ మాటకి నాకు ముందు సంతోషం వేసింది, దాచకుండా చెప్పింది కదా అని. ఆ తర్వాతే కోపం వచ్చింది. బండి ఆపి తలుపులు తెరిచి, మిస్త్రీకి ఫోన్ కలిపి చెడామడా మొదలుపెట్టాను.

"ఆగక్కా. నిన్న ఏం చేశాం మనం?"

"ఏం చేశాం? పెట్రోలు కొట్టించాం."

"ఎలా కొట్టించాం?"

ఎలా ఏముంది, మా ఇంటి పద్ధతిలో. మా నాన్న బంకులో స్కూటర్‌ని అటూ ఇటూ ఊపి, నోటిదాకా పోయించేవాడు. లోపల గాలి పోయి ఇంకాస్త పడుతుందని ఆయన సిద్ధాంతం. మేమూ అంతే. జామ్‌లో పెట్రోలు అయిపోతే కుర్చీతో రోడ్డు మీద ఏం చేస్తామన్న భయం ఒకటి. బంకులో పైపు టక్కుమని ఆగాక కూడా నేను వ్యానుని భుజంతో ఊపేదాన్ని. చెల్లి లోపల కుర్చీలో కూర్చుని తన వంతుగా ఊగేది. "ఇంకొంచెం పడుతుంది భయ్యా" అని ఇద్దరం కలిసి అరిచేవాళ్ళం. ఎండకి ఆ పెట్రోలు ఉబ్బి, చోటు లేక గొట్టంలోకి ఎక్కి, బొగ్గు డబ్బాలోకి దిగింది. అది ఆవిరి పట్టే డబ్బా, పెట్రోలు తాగేది కాదు, తడిసిపోయి వాసన వదిలేసింది.

మిస్త్రీ ఇదంతా ఫోన్లో విన్నాడు. నవ్వాడో లేదో తెలియదు, తడిసిన డబ్బా తీసేసి కొత్తది పెట్టాడు. అప్పటినుంచి టక్కుమంటే ఆపేస్తున్నాం. "రౌండ్ ఫిగర్ చేయమంటారా?" అని బంకువాడు అడిగితే ఇద్దరం ఒక్కసారే "నహీ!" అంటాం. అతను బెదిరిపోతాడు.

జూన్ చివర్లో బ్యాచ్ చెల్లికే ఇచ్చారు.

మొదటి క్లాసు రోజున కుండపోత వాన. చున్నీతో తల తుడుచుకుంటూ బయటికొచ్చింది. శిలల గురించి చెప్తుంటే పిల్లలందరూ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నారట. "ఒకడైతే ఆవలించాడక్కా, నా మొహం మీదే!" అంది, అదేదో బహుమతి అన్నట్టు. కట్టేసిన కెమెరాల్లో ఆవలింతలు కూడా కనపడేవి కావు మరి.

రోడ్లు నిండిపోయాయి. వాన కొట్టేస్తోందని అద్దాలన్నీ మూసేశాను. బండిలో అలా అన్నీ మూసుకుని తనతో వెళ్ళడం అదే మొదలు. నా ముక్కు వెనక్కే ఉంది. అడగాలనిపించింది, అడగలేదు.

"అక్కా, కాఫీ తాగుదామా?" అంది.

విన్నది నిజమేనా అని అద్దంలో చూశాను. దారి కాకపోయినా అశోకా రోడ్ వైపు తిప్పాను. మనవైపు భోజనం దొరికే చోటు ఒకటుంది అక్కడ. వానలో ర్యాంపు దించడం కుదరదని నేనే తడుస్తూ వెళ్ళి, రెండు కాఫీలు తెచ్చి, ఒకటి తనకి అందించి, తలుపు మూసేసి ముందు కూర్చున్నాను. అద్దాల మీద ఆవిరి పట్టేసింది. నా కాఫీ అయిపోయింది. వెనక చప్పుడు లేదు. మళ్ళీ కడుపులో తిప్పుతోందేమోనని భయం వేసి వెనక్కి తిరిగాను. గ్లాసు మొహం దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది.

"చల్లారిపోతుందే, తాగు" అన్నాను.

"ఉండక్కా, కాస్త వాసన చూడనీ" అంది.