కోసేసిన ఏడు నిమిషాలు

మోకాలి నొప్పికి ఇక్కడ కెనడాలో, మేముండే వాటర్లూలోనే ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు వెళుతున్నాను. మొన్న కాలికి కాపడం పెట్టి, కళ్లు మూసుకోమని, గదిలో సన్నగా ఏవో శబ్దాలు పెట్టారు. రేకుల మీద వాన, దూరంగా రైలు, మధ్యమధ్య పియానో మీద రెండు మూడు స్వరాలు. నాలుగు నిమిషాలకు అది అయిపోయి మరొకటి మొదలైంది. నిజానికి అది పదకొండు నిమిషాలు ఉండాలి. తక్కిన ఏడు నిమిషాలు కోసేసింది నేనే. దాన్ని కూర్చిన జపాన్ పెద్దాయన పోయాక, మిగిలిన ముక్కల్ని బంధువులెవరో నెట్‌లో పెట్టారట.

ఇరవై రెండేళ్లు తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేసినదాన్ని. మా వారికి ఉద్యోగం దొరికి కెనడా చేరేసరికి నాకు యాభై దాటాయి. మన పిల్లలు చదువులకని విమానాల నిండా దిగుతున్న రోజులవి. కాఫీ షాపులో ఒక్క ఖాళీ ఉందంటే బయట మంచులో బారులు తీరేవారు, ఆ పిల్లల వెనక నేను కూడా రెజ్యూమె పట్టుకుని నిలబడి, వాళ్లు నన్ను ఎవరి తల్లో అనుకుని దారి ఇస్తుంటే సిగ్గుపడి తిరిగి వచ్చేసేదాన్ని. మా బేస్‌మెంట్‌లో ముగ్గురమ్మాయిలు అద్దెకుండేవారు. అందులో వరంగల్ అమ్మాయి ఒకరోజు పైకొచ్చి నాకో పని చూపించింది.

"ఆంటీ, ఒక జపాన్ తాత ఉన్నడు. పాత టేపులన్నీ కంప్యూటర్ల ఎక్కియ్యాలె, గంతే. నాకు కో-ఆప్ దొరికింది, గదే కాలేజీ తరఫున చేసే ఉద్యోగం, నేను పోలేను. మీరు పేపర్ల చేసిన్రు గదా, మీకైతే ఈజీ."

ఆ పెద్దాయన వయసులో ఉండగా ఇక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి వచ్చి ఉండిపోయారు. ఆయన చేసేది మనం పాట అనుకునేది కాదు. వాన కురిసేచోటో, ఓడలు ఆగేచోటో, ఖాళీ బడి గదిలోనో మైకు పెట్టి, శబ్దం ఆగిపోయాక కూడా యంత్రాన్ని చాలాసేపు తిరగనిచ్చేవారు. తర్వాత ఇంటికొచ్చి, అక్కడక్కడా పియానో మీద ఒకటి రెండు స్వరాలు చేర్చేవారు. నలభై ఏళ్లు అదే పని. ఎక్కడికి వెళ్లినా భార్య పక్కనే ఉండేదట. నేను చేరేనాటికి ఆవిడ పోయి చాలాకాలమైంది.

ఆయన వినికిడి కూడా పోతోంది. వేసవి దాటితే కష్టమని డాక్టర్లు చెప్పేశారు. ఈలోగా ఆ టేపులన్నీ ఒక చిన్న హాల్లో మొదటి నుంచి చివరిదాకా వినిపించాలని, తను కూడా ఒక్కసారి పూర్తిగా వినాలని ఆయన కోరిక. అయితే టేపులు బాగా పాతబడిపోయాయి. ఒకసారి తిరిగితే పైపూత గోధుమరంగు పొడిలా రాలిపోయేది, మళ్లీ పెడితే బుసబుస తప్ప ఏమీ వచ్చేది కాదు. కంప్యూటర్‌లోకి ఎక్కినదే ఇక మిగిలేది. అంతటి పనిని ఆయన నా చేతిలో పెట్టారు.

ఆయన ఇంట్లో కంప్యూటర్ తెరమీద శబ్దం ఉన్నచోట గీత గుట్టల్లా లేచేది, లేనిచోట తాడులా చదునుగా సాగేది. ఆ చదును చూస్తే నా చేయి ఊరుకునేది కాదు. విలేకరి రెండు కాలమ్‌లు పంపితే నాలుగు వాక్యాలకు కుదించి మెప్పు పొందిన చేయి అది. ఒక మధ్యాహ్నం నా దగ్గర ఉండిపోయిన తన బస్సు పాస్ కోసం అక్కడికి వచ్చిన వరంగల్ అమ్మాయి తెర చూసి పకపకా నవ్వింది.

"ఖాళీని గూడ రికార్డ్ చేసిండా తాత? సినిమాకు పోతే ఇంటర్వెల్ ఒక్కటే చూస్తడేమో!"

నేనూ నవ్వాను. గీత చదును కాగానే చెవిలోని ఇయర్‌ఫోన్లు తీసేసి, సాయంత్రం కూరకు ఇంట్లో ఏమున్నాయో ఆలోచించుకుంటూ కోసుకుంటూ పోయాను. కోసిన ముక్కలు దాచలేదు. డెస్కులో తీసేసిన వాక్యాలను ఎవరూ దాచరు.

ఆయన దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. ప్రతి టేపు నిడివీ అందులో పెన్సిల్‌తో రాసుకున్నారు. పని పూర్తయిన రోజున దాన్ని తెర పక్కన పెట్టుకుని అంకెలు సరిచూశారు. పదకొండు ఉన్నచోట నాలుగు. ఖాళీలన్నీ తీసేశానని, వినేవాళ్లకు ఇప్పుడు విసుగు రాదని నేను గట్టిగా, గర్వంగా చెప్పాను.

ఆయన కోప్పడలేదు. శబ్దం ఆగాక యంత్రం ఆపేవరకు తామిద్దరూ కదలకుండా కూర్చునేవాళ్లమని, ఆ కాసేపూ ఆవిడ ఊపిరి, గుడ్డ రాపిడి టేపులో పడేవని మెల్లగా చెప్పారు. ఆవిడ గొంతు ఏ టేపులోనూ లేదట. తర్వాత పెన్సిల్ తీసుకుని నా వైపు తిరిగారు.

"వాటిని చివరిసారి విన్నది మీరు. ఏం వినిపించింది?"

డెస్కులో ఇరవై రెండేళ్లు ఫోన్లో విలేకరులను నేను అడిగిన ప్రశ్న అది. నువ్వు చూశావా, విన్నావా, ఎవరైనా చెప్పారా అని నిలదీసేదాన్ని. కల్పించి రాశాడని ఒకణ్ని పనిలోంచి తీయించాను కూడా. అలాంటి నేను ఆయన ముఖం చూసి, వాన ఆగిందన్నాను. ఎవరో నెమ్మదిగా ఊపిరి తీశారన్నాను. ఆయన రాసుకుంటున్నారు. ఇంకా ఏదో ఇవ్వాలనిపించి, చేయి కదిపినప్పుడు గాజులు సన్నగా మోగాయన్నాను.

పెన్సిల్ ఆగింది.

"మా ఆవిడ చేతులకు ఏమీ వేసుకునేది కాదు" అన్నారు. నోట్‌బుక్ మూసి, లేచి, వాళ్ల పద్ధతిలో తల వంచి నాకు కృతజ్ఞత చెప్పి, రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. హాలు కార్యక్రమం ఆయనే మానుకున్నారు. వేసవికి వినికిడి పూర్తిగా పోయింది, ఆ తర్వాతి చలికాలంలో ఆయన కూడా పోయారు.

ఇంటికొచ్చి చెబితే వరంగల్ అమ్మాయి చాలా తేలిగ్గా అడిగింది.

"సారీ చెప్పిన్రా?"

"చెప్పాను."

"మరింకేంది ఆంటీ, లైట్ తీస్కోండ్రి."

ఆ అమ్మాయి వర్క్ పర్మిట్ గడువు అయిపోతుండగా, అక్కడైతే దేశంలో ఉండిపోవడం తేలికని విన్నిపెగ్ వెళ్లిపోయింది. తక్కిన ఇద్దరూ ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఇప్పుడు పిల్లలు అప్పటిలా రావడం లేదు, బేస్‌మెంట్ ఖాళీగా ఉంది. అప్పట్లో కింది నుంచి కుక్కర్ విజిళ్లు, తలుపుల చప్పుళ్లు, ఒకేసారి మూడు ఫోన్లలో మూడు ఊళ్ల అమ్మలతో మాటలు, వాటిని భరించలేక నేల మీద కాలితో తట్టిన రోజులు ఉన్నాయి. ఇప్పుడు మధ్యాహ్నం పూట కుర్చీలో కదలకుండా కూర్చుంటాను. బస్సు వెళ్లిపోతుంది, ఫ్రిజ్ మోత ఆగిపోతుంది, ఆ తర్వాత కూడా ఏదో ఉంటుంది. అదేమిటో ఈమధ్య చెప్పగలుగుతున్నాను, కల్పించకుండా. అడిగేవారు లేరు.